ఇంటాయన గ్లాసు

ఆ ఉదయం పాండురంగారావు పెట్టుకున్న పని ఒక్కటే. తెనాలి రైలెక్కి, డాక్టరు కీర్తనగారి బల్ల మీద తన రక్తపరీక్ష రిపోర్టు పరిచి, ఆమె చెప్పింది తప్పని ఆమె చేతే ఒప్పించడం.

ఆయనకు రేపల్లెలో ఎరువుల కొట్టు ఉంది. కిందటేడు నాలుగడుగులు నడిస్తే పిక్క పట్టేస్తుంటే, కాలి రక్తనాళంలో కొవ్వు పూడుకుపోయిందని డాక్టరమ్మ తేల్చింది. "ఈ కొలెస్ట్రాల్ మాత్ర రోజూ వేసుకోవాలండి. రిపోర్టు బాగా వచ్చినా ఆపకూడదు. రక్తనాళాల జబ్బున్న వాళ్లకి అందరికంటే ఇంకా తక్కువ ఉండాలి," అని మరీ మరీ చెప్పింది. జీవితాంతం మాత్ర అనేసరికి ఆయన పౌరుషం దెబ్బతింది. మాత్ర మానేసి, మునగాకు, మెంతులు, వెల్లుల్లి వేసి కాచిన కషాయం మొదలుపెట్టాడు. పరమ చేదు. అయితేనేం, ఇప్పుడు రిపోర్టులో చెడ్డ కొలెస్ట్రాల్ పాతాళంలో ఉంది.

రైలుకు ఇంకా టైముంది కదా అని టీ కొట్టు దగ్గర ఆగి ఆ రిపోర్టు నలుగురికీ చూపించి, మా ఇంటికొచ్చి కషాయం తాగి వెళ్లమని అందరినీ పిలిచాడు. రైలు వెళ్లిపోయింది, ఆయన వెళ్లలేదు. మర్నాడు తెల్లవారేసరికి గుమ్మం ముందు గ్లాసులతో జనం. ఆయన కబురు పెడితే, వారం తిరిగేసరికి భట్టిప్రోలు నుంచి ఆటోలు కట్టించుకుని వస్తున్నారు. బాపట్ల వియ్యంకుడు సీసాలో పోసి పంపమని ఫోను చేశాడు. పాండురంగారావు భార్య పున్నమ్మ చిన్న గిన్నె దింపేసి, పెళ్లిళ్లలో వాడే గుండిగ పొయ్యి మీదకెక్కించింది. భర్తకు మాత్రం వంటింట్లోంచి విడిగా తెచ్చిచ్చేది. "ఇంటాయన గ్లాసు వేరే," అనేది. ఎందుకని ఎవరూ అడగలేదు.

అందరికంటే ముందొచ్చి నిలబడేవాడు దర్జీ జాన్ సైదా. పక్క వీధివాడు, ఆయనకు తమ్ముడిలాంటి స్నేహితుడు, గుండెకు స్టెంటు వేయించుకుని అదే కొలెస్ట్రాల్ మాత్ర వాడుతున్న మనిషి. "అన్నయ్యా, మరి నా మాత్ర?" అని మొదటి రోజే అడిగాడు.

"నన్ను చూడరా! ఇంకా మాత్రేంటి?" అన్నాడు పాండురంగారావు. ఆ ఒక్క మాటతో జాన్ సైదా మాత్ర మానేశాడు.

కొన్నాళ్లకు అతను కూడా ఒక రిపోర్టు పట్టుకుని, ఆయాసపడుతూ వచ్చాడు. "ఒకటే గుండిగ, ఒకటే గరిటె. నీలాగే మాత్రా మానేశాను. నీకు తగ్గింది, నాకు రెట్టింపైంది. నేనేం పాపం చేశానన్నయ్యా?"

వరసలో ఉన్నవాళ్లు తలా ఒక తీర్పు చెప్పారు. నమ్మకం చాలలేదన్నాడొకడు. రోజంతా మిషను తొక్కేవాళ్లకు ఒంటపట్టదంది ఒకావిడ. పాండురంగారావు గడ్డం నిమురుకుని ఆలోచించి, "వీడికి రేపట్నుంచి రెండు గ్లాసులు పొయ్యి," అని భార్యకు పురమాయించాడు.

పున్నమ్మ చేతిలోని గరిటె కింద పడేసింది. "తాగకు సైదా! నువ్వూ మాత్ర మానేశావని నాకు తెలిస్తేగా! మీ అన్నయ్య గ్లాసులో రోజూ నేను మాత్ర పొడి చేసి కలుపుతున్నాను. తగ్గింది దానివల్ల."

వీధి వీధంతా నోరెళ్లబెట్టింది. "నన్నింత మోసం చేస్తావా?" అన్నాడు పాండురంగారావు.

"ఇదే జబ్బుతో మీ అన్నగారికి కాలు మోకాలి దాకా తీసేసినప్పుడు ఆసుపత్రిలో పక్కనున్నది నేనండి. మీరు కాదు. మీ పౌరుషానికి మీ కాలు ఒదిలేసుకోమంటారా?"

అంతలోనే జాన్ సైదా ఛాతీ పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు.

అలా పాండురంగారావు తెనాలి వెళ్లనే వెళ్లాడు. కారులో దారి పొడుగునా స్నేహితుడి చెయ్యి వదల్లేదు. ఆయనకు భయమేసింది, తన కాలి గురించి ఎన్నడూ వెయ్యనంత భయం.

"సమయానికి తెచ్చారు, గండం గడిచింది," అంది డాక్టరమ్మ బయటికొచ్చి. "మాత్ర ఎందుకు మానేశాడండి?"

"నేను మానమన్నానండి. తప్పు నాదే," అన్నాడు పాండురంగారావు.

లోపల నర్సు మాత్ర తెచ్చిస్తే జాన్ సైదా నోరు తెరవలేదు. "నువ్వు చెబితే మానేశాను. ముందు నువ్వేసుకో. నేను చూడాలి," అన్నాడు నీరసంగా. డాక్టరమ్మ ఆయన మాత్ర ఆయనకు తెప్పించింది. పాండురంగారావు దాన్ని మంచినీళ్లతో అందరి ముందూ మింగాడు. తర్వాత జాన్ సైదా మింగాడు.

మర్నాడు ఆయన గుమ్మంలో నిలబడి, పరువు సంగతి దేవుడెరుగునని, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "దయచేసి ఎవరూ మాత్రలు మానకండి. మానినవాళ్లు ఇవాళే మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి."

భట్టిప్రోలు నుంచి వచ్చిన ఒకావిడ ముందుకొచ్చింది. "అయ్యో, మేమెందుకు మానేస్తాం బాబాయిగారూ? ఇంట్లో వేసుకునే వస్తున్నాం. మీరు పిలిచి ఇస్తున్నారు, కాదంటే బాగోదని తాగుతున్నాం." వెనకున్న వాళ్లంతా అవునవునన్నారు.

ఊరు మొత్తం మీద ఆయన మాట నిజంగా నమ్మినవాడు ఒక్కడే, వాడు తెనాలి ఆసుపత్రిలో ఉన్నాడు.