మునగనంటే మునగని గార్డు

కిరండూల్ రైల్వే క్వార్టర్లలో గూడ్సు గార్డు నీలకంఠానికి శత్రువంటూ ఉంటే అది చోడి అంబలి, అంటే రాగి జావ. బస్తరు వాళ్లు దాన్ని పేజ్ అంటారు, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు అంబలి అంటారు, నీలకంఠం శిక్ష అంటాడు. డాక్టరు అతని పొట్ట మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి ఎక్కడ తియ్యాలో కాసేపు వెతుక్కుని, "ఇలాగే ఉంటే గుండె తట్టుకోదు" అన్నాడు. ఆ సాయంత్రం నుంచి ఆ ఇంట్లో నూనె డబ్బా మూత విప్పలేదు.

అతని భార్య ఎర్రమ్మ భీమిలి దగ్గర సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి. మాట తక్కువ, తీర్పు ఎక్కువ. పొద్దున అంబలి, మధ్యాహ్నం రొట్టె, రాత్రి మళ్లీ అంబలి. నీలకంఠం బ్రేకువ్యానులో కూర్చుని, ముందు వెళ్తున్న ఇనుప ఖనిజం వ్యాగన్లను చూస్తూ, వీటికైనా నిండా పెడుతున్నారు కదా అని కుళ్లుకునేవాడు.

అలాంటి రోజుల్లో బావమరిది తాతబాబు విశాఖ నుంచి ఫోను చేశాడు. అతను రుషికొండ దగ్గర సరదాపడే జనానికి వీపున గాలి సిలిండరు కట్టి, సముద్రం అడుక్కి తీసుకెళ్లి చేపల్ని చూపిస్తుంటాడు.

"దసరాకి వచ్చీయండి బావా. నిన్నూ అప్పనీ కిందకి దింపుతాను. నీ బరువెంతో చెప్పు. ఏ సిలిండరు ఇవ్వాలో, నడుముకి ఎంత సీసం కట్టాలో చూసుకోవాలి."

"సీసం ఎందుకురా?"

"కట్టకపోతే మునగవు బావా. మనవి వెచ్చటి నీళ్లు, పల్చటి బట్ట తొడిగితే చాలు, సీసం కొంచెమే పడతాది. చలి దేశాల్లో అయితే దళసరి బట్ట, దాన్ని ముంచడానికి మళ్లీ బోలెడు సీసం."

నీలకంఠం ఫోను పెట్టేసి లెక్క వేసుకున్నాడు. ఏళ్ల తరబడి ఖనిజం బళ్ల వెనక తిరిగిన మనిషి. అతనికి తెలిసిన లోకంలో ఉన్నవి రెండే: లోడు, ఖాళీ. లోడు బండి పట్టాకి అతుక్కుని నడుస్తుంది, ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. మునగడానికి బరువే కావాలంటే నడుముకి సీసం దేనికి, కడుపులోకి గారెలు చాలవా?

అతను వంటింట్లోకి వెళ్లాడు.

"ఎర్రమ్మా, ఈ అంబలి వల్ల మీ తమ్ముడికి కష్టం."

"మా తమ్ముడికేటి కష్టం?"

"నేను సన్నబడే కొద్దీ వాడు నాకు సీసం ఎక్కువ కట్టాలి. నేను నిండుగా ఉంటే వట్టి నడుముతో దిగిపోతాను."

ఎర్రమ్మ గరిటె కింద పెట్టింది. ఆమె గరిటె కింద పెడితే పెరట్లో పిల్లి కూడా ఇంకో ఇల్లు చూసుకుంటుంది.

"అంటే లావు మనిషి మునుగుతాడు, సన్న మనిషి తేల్తాడు. అంతేనా?"

"నాకు తెలీదేటి? లోడు బండినడుగు."

"సరే మావా. వచ్చే నెల తమ్ముడు ఇక్కడికే వస్తన్నాడు. కాంట్రాక్టరు చెరువులో తూముకి ఏదో అడ్డం పడిందట, దిగి చూడాలట. సిలిండర్లూ అవీ తెస్తాడు. సీసం లేకుండా నువ్వు మునిగితే ఈ ఇంట్లో మళ్లీ అంబలి కాయను. మునక్కపోతే మటుకు, ఎంత సీసం పడితే అంత బరువు తగ్గేవరకూ నోరెత్తకుండా తాగాలి."

"ఒట్టేనా?"

"ఒట్టు. అందాకా నీకిష్టమైందే వండి పెడతాను."

ఇక్కడ అతనికి అనుమానం రావలసింది. ఇన్నేళ్ల కాపురంలో ఎర్రమ్మ అడక్కుండా ఇచ్చింది ఏదీ లేదు. కానీ అప్పటికే గారెలు వేగుతున్నాయి. అనుమానం, ఆకలి ఒకే కడుపులో ఇమడవు.

ఆ నెలంతా కోడి పులుసు, ఆవ పెట్టిన పనసకూర, నెయ్యి నింపిన బూరెలు. యూనిఫాం చొక్కా గుండీలు ఒకటొకటిగా రాజీనామా చేశాయి. నీలకంఠం వాటిని జేబులో వేసుకుని, లోడింగు సవ్యంగా సాగుతోందని సంతోషించాడు.

తాతబాబు వచ్చిన మర్నాడు క్వార్టర్లన్నీ చెరువు గట్టున చేరాయి. ఎండకి నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. తాతబాబు రెండు సిలిండర్లు కింద పెట్టాడు.

"ఇది అల్యూమినియం బావా. గాలి అయిపోయేసరికి పైకి లేస్తాది, అందుకని ముందే రెండు ముక్కలు సీసం ఎక్కువ కట్టాలి. ఇది స్టీలు. ఖాళీ అయినా కిందకే లాగుతాది."

"స్టీలే కట్టు. ఇనుము ఊళ్లో ఉండి అల్యూమినియం కట్టుకుంటే పరువు పోతుంది."

"సరే. ఛాతీ లోతు దాటకు. మామూలు ఊపిరి పట్టి కదలకుండా ఉంటే నీళ్లు నీ కళ్ల దగ్గరికి రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. అప్పుడు బరువు సరిపోయినట్టు."

నీలకంఠం సిలిండరు కట్టించుకుని నీళ్లలో దిగి, గట్టు మీదివాళ్లకి చెయ్యి ఊపి, కాళ్లు ముడిచాడు. ఏమీ జరగలేదు. నూనెలో బూరె పొంగి పైకొచ్చినట్టు వచ్చి, పైనే ఉండిపోయాడు.

"ఊపిరి వదులు బావా."

నీలకంఠం నోట్లోంచి గాలి గొట్టం తీశాడు. "వదిలితే మునిగిపోతాను."

"మునగడానికే కదా దిగావు."

నీలకంఠం మళ్లీ గొట్టం పెట్టుకుని, ఊపిరి వదిలాడు. అయినా తేలాడు. తాతబాబు ఎర్రమ్మ వంక చూశాడు. ఎర్రమ్మ తలూపింది. సీసం కట్టడం మొదలైంది.

నాలుగు ముక్కలు నడుముకి కట్టేసరికి నడుము మునిగింది, కాళ్లు తేలాయి. బరువంటూ ఉంటే చాలదు, ఎక్కడుందో కూడా చూడాలని తాతబాబు కొన్నిటిని అటూ ఇటూ మార్చాడు. ఈసారి కాళ్లు మునిగాయి, పొట్ట తేలింది. పొట్ట ఎలా కట్టినా తేలింది. చివరికి సీసం అయిపోయింది.

గాంగ్‌మన్ కేసా ఎక్కడినుంచో ఖనిజం రాళ్లు గోనెసంచిలో మోసుకొచ్చాడు. తాతబాబు ఒక్కొక్కటే కడుతున్నాడు.

"సాబ్, ఔర్ ఏక్ పత్థర్?" అంటూ, ఇంకో రాయి ఇమ్మంటారా అని కేసా మర్యాదగా అడుగుతూనే ఉన్నాడు.

ఆఖరి రాయితో నీలకంఠం బుడుంగున మునిగాడు. గట్టు మీద చప్పట్లు మోగాయి. తాతబాబు రెక్క పట్టి లేపి ఒడ్డుకి తెచ్చాడు. ఎర్రమ్మ సీసాన్నీ రాళ్లనీ విప్పించి, కిరాణా కొట్టు కాటా మీద తూకం వేయించింది. ముల్లు ఆగిన చోటు చూసి కొట్టువాడే నీలకంఠం మీద జాలిపడ్డాడు.

"లోడు బండి..." అని మొదలుపెట్టాడు నీలకంఠం.

"నెల్రోజులుగా పులుసు తింటన్నావు కదా. దాని మీద ఏటి తేలేది?"

"నూనె."

"అదెక్కడికెళ్లింది?"

నీలకంఠం తన పొట్ట వంక చూసుకున్నాడు.

"కొవ్వు తేల్తాదని మా ఒడ్డున పాకే పిల్లడికి కూడా తెలుసు."

"తెలిసీ ఎందుకు పెట్టావే?"

"సీసం ఎక్కువ పడాలని. పాపం, ఓ నెలైనా తింటాడని కూడా." ఎర్రమ్మ తువ్వాలు తీసి అతని తల తుడిచింది. "నువ్వు బండెక్కిన ప్రతిసారీ నాకు డాక్టరు మాటే వినపడతాది మావా. నాకు ఇంట్లో మొగుడు కావాలి, గోడ మీద ఫొటో కాదు."

నీలకంఠానికి ఆమె మీద ప్రేమ పొంగుకొచ్చింది. దానితో పాటు ఒక చట్టం పాయింటు కూడా తట్టింది.

"ఇవి మంచినీళ్లు. సముద్రంలో అయితే లెక్క వేరు."

"వేరే బావా," అన్నాడు తాతబాబు. "ఉప్పునీట్లో ఇంకా తేల్తావు. ఇంకొన్ని ముక్కలు పడతాయి."

"అవీ కలుపు," అంది ఎర్రమ్మ.

తర్వాత ఆమె చీర గోచీ పెట్టి బిగించి, అల్యూమినియం సిలిండరు తగిలించుకుని, చారెడు సీసం నడుముకి కట్టుకుని చెరువులో దిగింది. ఊపిరి వదిలింది. నీళ్ల మీద బుడగలు తప్ప ఏమీ కనిపించలేదు. తిరిగి పైకొచ్చి, నీళ్లు వెచ్చగా బాగున్నాయంది.

సాయంత్రం భోజనాల దగ్గర తాతబాబు అడిగాడు. "దసరాకి రెండు సిలిండర్లు ఉంచనా బావా?"

"ఒకటే ఉంచు, మీ అప్పకి. నేను పడవలో కూర్చుంటాను."

"పడవ మునిగితేనో?" అంది ఎర్రమ్మ.

నీలకంఠం తన పొట్ట తట్టుకున్నాడు.

"ఇద్దరూ నన్ను పట్టుకోండి."

ఎర్రమ్మ నవ్వింది. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, చెంగుతో తుడుచుకుని, అతని గ్లాసులో అంచు దాకా అంబలి పోసింది. తనకీ ఓ గ్లాసు పోసుకుని అతని పక్కనే కూర్చుంది.