ఓటుకు మొలిచిన కొమ్ము

విద్యా కమిటీ ఎన్నిక చిటికెలో ముగించి, భార్య సీతారామలక్ష్మితో కలిసి పాలకొల్లులో పెళ్ళి భోజనానికి వెళ్ళాలన్నది ఆ ఉదయం హెడ్మాస్టరు మణిశంకర్ గారి ఆలోచన. అందులో అత్యాశేమీ లేదు. కాలువ గట్టు మీది ఆ హైస్కూల్లో ఎప్పుడూ జరిగేదదే. నలుగురైదుగురు తల్లిదండ్రులు వస్తారు. రొయ్యల చెరువుల ఆసామి వీరభద్రం గారి పేరు ఎవరో ఒకరు చెబుతారు. తక్కినవాళ్ళు చప్పట్లు కొడతారు. ఆయన మళ్ళీ ఛైర్మన్ అవుతారు.

కాఫీ తాగుతూ మణిశంకర్ గారు స్కూలు వాట్సాప్ గ్రూపుకు పంపాల్సిన కబురు ఫోనుకు చెప్పారు. "పిల్లల తల్లిదండ్రులందరూ వచ్చి కమిటీ ఎన్నికలో ఓటు వేయాలి" అన్నది ఆయన మాట. ఫోను మాత్రం "పిల్లలు తల్లిదండ్రులందరూ" అని రాసుకుంది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి తెలుగు పాఠం చెబుతూ, కొమ్ము తప్పితే అర మార్కు కోసే మనిషి, ఆ పూట కళ్ళజోడు లేకుండా దాన్ని పంపేశారు.

ఆయన బండి స్కూలు చేరేలోపు ఆ కొమ్ము ఊరంతా తిరిగొచ్చింది. స్కూలు ఎన్నికలకు ఓటు వయసు తగ్గించారట అని ఒకరంటే, ఆరో తరగతి దాటితే చాలట అని మరొకరన్నారు. పెద్దింట్లమ్మ అనే ముసలావిడ మనవడికి తలంటు పోసి, ఆధార్ కార్డు చేతికిచ్చి మరీ పంపింది. వీరభద్రం గారికి అనుమానం రాకపోలేదు. కానీ అడిగితే, కొత్త జీవో సంగతి తనకు తెలియదని నలుగురికీ తెలిసిపోతుంది. అందుకని అడగకుండా, పుల్ల ఐసుల బండిని స్కూలుకు పంపించారు.

మణిశంకర్ గారు గేటు దాటేసరికి పిల్లలు వరసల్లో నిలబడి ఉన్నారు. మేష్టర్లు చాక్‌పీసుల పెట్టెకు కంత పెట్టి సిద్ధం చేశారు. హెడ్మాస్టరు గారికి పైనుంచి ఆర్డరు వచ్చి ఉంటుందని వాళ్ళ నమ్మకం. పోటీకి ఎవరూ లేకపోతే పిల్లలు ఓటు దేనికి వేస్తారని, కొడుకు మరిచిపోయిన క్యారేజీ ఇవ్వడానికి వచ్చిన సూర్యకళ అనే రైతు భార్యను బతిమాలి అభ్యర్థిగా కుర్చీలో కూర్చోబెట్టారు. ఆవిడ ఆ క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని బిత్తరపోయి చూస్తోంది.

మణిశంకర్ గారు కళ్ళజోడు పెట్టుకుని మెసేజ్ చూసుకున్నారు. రిటైర్మెంటు దగ్గర పడ్డ వేళ ఇదెక్కడి సస్పెన్షనని, మండల విద్యాధికారి సాల్మన్ గారికి ఫోన్ చేశారు.

"సార్, ఇక్కడ పిల్లలు ఓట్లేస్తామని వరస కట్టారండి."

మీటింగులో ఉన్న సాల్మన్ గారు అదేదో క్లాసు లీడరు ఎన్నిక అనుకున్నారు. "మంచిదేగా అండి, వెయ్యనివ్వండి" అని పెట్టేశారు.

ఇక ఆపడానికి దారి లేకపోయింది. వీరభద్రం గారు మైకు తీసుకుని తన సేవల గురించి చెప్పారు. ఐసు పుల్లలు చప్పరిస్తూ పిల్లలు మర్యాదగా విన్నారు. ఆయన కూర్చోబోతుంటే పదో తరగతి హేమశ్రీ లేచి నిలబడింది.

"ఆడపిల్లల బాత్రూం తలుపుకి గడియ లేదండి. అందుకని మేం సాయంత్రం దాకా మంచినీళ్ళు తాగమండి. మీరు గెలిస్తే ఏం చేస్తారండి?"

వీరభద్రం గారు టైల్స్ వేసిన కొత్త బ్లాకు శాంక్షన్ చేయిస్తానన్నారు. సూర్యకళ వంతు వచ్చింది.

"నాకా సంగతి తెలీదమ్మా. ఏదీ, చూపించు" అంటూ ఆవిడ క్యారేజీ కుర్చీలో పెట్టి, వేదిక దిగి హేమశ్రీ వెంట నడిచింది. తిరిగొచ్చాక ప్రసంగమేమీ చేయలేదు. గేటు బయట నిలబడ్డ భర్తను పిలిచి, బజారుకెళ్ళి ఇనప గడియ, మేకులు పట్టుకురమ్మని చెప్పింది.

ఆ తర్వాత జరిగిన పోలింగు చూస్తూ మణిశంకర్ గారు స్తంభం పక్కనే ఉండిపోయారు. ఆయన ఎన్నో ఎన్నికల డ్యూటీలు చేశారు. తోపులాటలు చూశారు, తిట్లు విన్నారు. ఇలాంటి నిశ్శబ్దం ఎన్నడూ చూడలేదు. ఒక్కొక్కరూ వచ్చి, చీటీని అరచేత్తో దాచుకుని రాసి, పెట్టెలో వేసి, ఏదో బరువైన పని చేసినట్టు నెమ్మదిగా వెనక్కి వెళ్తున్నారు. అందని చిన్నవాళ్ళకు పెద్దపిల్లలు బల్ల జరిపి, చీటీలోకి తొంగిచూడకుండా మొహం తిప్పుకుంటున్నారు. రోజూ తను గద్దించే పిల్లలు వీళ్ళేనా అనిపించింది ఆయనకు. తన తప్పు సంగతి కాసేపు మరిచిపోయారు కూడా.

లెక్కింపులో సూర్యకళ చీటీలు గుట్టయ్యాయి. వీరభద్రం గారివి గుప్పిట్లో పట్టాయి. సరిగ్గా అప్పుడే జీపు దిగిన సాల్మన్ గారు పిల్లలు ఓట్లేసింది కమిటీకని తెలిసి తల పట్టుకున్నారు. ఈ ఎన్నిక చెల్లదనీ, ఓటు తల్లిదండ్రులదేననీ మైకులో ప్రకటించారు. పిల్లలు వెళ్ళి వరండాలో నిలబడ్డారు. వీరభద్రం గారు తేలికపడి కండువా సర్దుకున్నారు.

అయితే తమ పిల్లలు ఓట్లేస్తున్నారన్న వింత చూడ్డానికి, ఎప్పుడూ రాని తల్లిదండ్రులంతా పనులు మానుకుని వచ్చి ఉన్నారు. వీరభద్రం గారిని ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నారు సాల్మన్ గారు. చేతులు లేవబోయాయి. వరండాలో పిల్లలు కిమ్మనకుండా తమ తమ అమ్మానాన్నల్నే చూస్తున్నారు. లేచిన చేతుల్లో కొన్ని జుట్టు సవరించుకున్నాయి, కొన్ని దోమల్ని తోలుకున్నాయి. వీరభద్రం గారి ఇల్లాలు సైతం, అదే స్కూల్లో చదివే మనవరాలి వంక చూసి, చేతిని కొంగులో దాచుకుంది. సూర్యకళ పేరు చెప్పగానే ఆవరణంతా చేతులే.

మణిశంకర్ గారు సస్పెన్షను మాట వినడానికి సిద్ధపడి సాల్మన్ గారి ముందు నిలబడ్డారు. ఆయన మాత్రం జనాన్ని కలయజూస్తూ, "మండలంలో ఏ స్కూలుకీ ఇంతమంది పేరెంట్స్ రాలేదండి. ఇంతకీ మీరేం చేశారు?" అని అడిగారు.

"మెసేజ్ పెట్టానండి" అన్నారు మణిశంకర్ గారు. అబద్ధం కాదు కాబట్టి అక్కడితో ఆగారు.

అవతల గడియ బిగిస్తున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఆగాక హేమశ్రీ కుళాయి దగ్గరికి వెళ్ళి, గ్లాసు నిండా నీళ్ళు పట్టుకుని, గుక్క తిప్పుకోకుండా తాగింది. ఆమె వెనకే ఆడపిల్లలంతా వరస కట్టారు. మణిశంకర్ గారు అటే చూస్తూ, పెళ్ళి భోజనం వేళ దాటిపోయిందని ఫోన్ చేసిన భార్యకు ఊఁ కొట్టారు.

వీరభద్రం గారు మాత్రం వచ్చే ఎన్నికల కోసం ఆ సాయంత్రమే అంగన్‌వాడీ పిల్లలకు రంగు రంగుల బంతులు పంపించారు.