పదకొండు మంది ముందుకు వెళ్లారు

ఆ రోజు పొద్దున ఆఫీసుకు వెళ్లగానే గుండుసూది చేయాలనుకున్న పని ఒక్కటే. మూడేళ్ల కిందట పోయిన మేనత్తను ఎర్ర పెన్సిల్‌తో కొట్టేయాలి. ఆ తర్వాత టీ తాగి, ఊగుతున్న బల్ల కాలి కింద అట్టముక్క పెట్టి, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి భోంచేయాలి. మనిషి వేసుకున్న పథకం ఎంత చిన్నదైతే అంత ఘోరంగా చెడుతుందని ఆయనకు నలభై ఆరేళ్లొచ్చినా తెలియలేదు.

గుండుసూది అన్నది ఆయనకు ఆఫీసు వాళ్లు పెట్టిన పేరు. వరదకు ఇళ్లు వదిలి నడిచొస్తున్న జనం ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నారో లెక్కకట్టే ఆఫీసు అది. రేవు, వంతెన, గిడ్డంగి, ఇటుకబట్టీ, ఇలా దారిపొడుగునా ఒక్కో లెక్కల మనిషి ఉంటాడు. సాయంత్రానికి వాళ్లు చీటీలు పంపితే ఈయన గోడమీది పటంలో గుంపుకొక సూది గుచ్చుతాడు. ఏ సూది కింద ఎక్కువమంది ఉంటే మర్నాడు లారీ అటు పోతుంది. ఉన్నది ఒకే ఒక్క లారీ. మంచినీళ్లూ అందులోనే, దుప్పట్లూ అందులోనే. సూది తప్పు చోట దిగితే ఎక్కడో ఎవరో తడిబట్టలతో ఇంకో రోజు వణకాలి. అది తలుచుకుని ఆయన ప్రతి సూదికీ రెండుసార్లు కొలత పెట్టేవాడు. ఇంత జాగ్రత్తపరుడు చేసిన నిర్వాకం చూడండి.

ముందురోజు కొత్త ఫారాలు వచ్చాయి. వాటిలో ఎవరి పేర్లూ రాయకూడదు, ఆనవాళ్లు మాత్రమే రాయాలి. చేయి అలవాటు కావడానికి ముందు ఒక ఉత్తుత్తి కుటుంబాన్ని రాసి చూసుకోమన్నారు. బతికున్నవాళ్లను వరదలోకి దించడం ఎందుకులే అని ఆయన, తనను పెంచిన మేనత్తను తలుచుకున్నాడు. డెబ్బై ఏళ్ల వృద్ధురాలు, వెంట పదిమంది, ఒక నల్లమేక, బట్ట ఊడిపోయి ఊచలు మిగిలిన గొడుగు, ఉన్న చోటు పాత రేవు అని రిజిస్టరులో రాశాడు, పద్ధతి ప్రకారం పటంలో రేవు దగ్గర ఒక సూదీ గుచ్చాడు. ఉత్తుత్తి పద్దును ఆ సాయంత్రమే ఎర్ర పెన్సిల్‌తో కొట్టేయాలి. కొట్టేయకపోతే ఆ వారం రిజిస్టరంతా చెల్లదు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టేదాకా లారీ కదలదు. కొట్టేద్దామని కూర్చుంటే పెన్సిలు ములికి విరిగింది. రేపు చూద్దాంలే అనుకున్నాడు.

ఆ రాత్రి ఈ సంగతి విని ఇంట్లో ఆయన భార్య పళ్లెం కింద పెట్టేసింది.

"పోయినావిడ జోలికి ఎందుకెళ్లారండీ? బతికున్నప్పుడే ఒకచోట కుదురుగా ఉండేది కాదు."

మాట నిజమే. ఇంటిల్లిపాదీ ఎనిమిదింటికి బయల్దేరాలంటే మేనత్త ఏడింటికే గొడుగు పట్టుకుని వీధి చివర ఉండేది. మీరు రండి, నేను ముందు నడుస్తుంటా అనేది. ఎండకీ వానకీ పనికిరాని ఆ గొడుగు ఎందుకు పట్టుకుందో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

మర్నాడు పొద్దున గుండుసూది ఆఫీసులోకి అడుగుపెట్టి పటం వైపు చూశాడు. రేవు దగ్గర గుచ్చిన సూది అక్కడ లేదు. వేలెడు పైకి జరిగి ఉంది.

జరిగిందేమిటంటే, ముందురోజు సాయంత్రం ఈయన ఇంటికెళ్లాక పైఅధికారి పెద్దమేడమ్ రిజిస్టరుకు నకలు తీయించి దారిలో ఉన్న లెక్కల మనుషులందరికీ పంపింది. అందులో ఉన్న ప్రతి గుంపు గురించీ వాళ్లు జవాబు చెప్పి తీరాలి. గుంపు కనబడితే 'చూశాను, ముందుకు వెళ్లారు' అన్న గడిలో టిక్కు పెడితే చాలు. కనబడకపోతే మాత్రం మూడు పేజీల ఫారం నింపాలి. ఎందుకు కనబడలేదు, ఎవరెవర్ని అడిగారు, సాక్షులెవరు, సాక్షులు ఎక్కడ నిలబడి ఉండగా కనబడలేదు, అన్నీ రాయాలి. రేవు ఆయన పొద్దున్నే టిక్కు పెట్టి పంపాడు. అంత తెలివి ఉన్నవాడు ఇంకేం చేస్తాడు!

"మొదటిసారి రేవు నుంచి టైముకి జవాబొచ్చిందండీ. చూశారా, పద్ధతి అంటే ఇదీ," అని, సూదిని తనే ముందుకు జరిపిన పెద్దమేడమ్ తెగ సంబరపడింది.

ఎర్ర పెన్సిల్ ఆయన జేబులోనే ఉండిపోయింది. ఇప్పుడు నోరు విప్పితే లారీ ఆగిపోతుంది. ఇటుకబట్టీ దగ్గర నూట నలభై తొమ్మిది మంది రెండు రోజులుగా ఆ లారీ కోసమే కాచుకున్నారు. వాళ్లలో చంటిపిల్లలు పద్నాలుగు మంది. ముందు వాళ్లకు సరుకు అందనీ, తర్వాత ఒప్పుకుందాం అనుకుని కూర్చున్నాడు.

అయితే ఆ రోజు గేర్లు పాడై లారీ షెడ్డులోనే ఉండిపోయింది. మర్నాడు వంతెన నుంచి చీటీ వచ్చింది. పదకొండు మంది ముప్పై నలుగురయ్యారు. తక్కువ రాస్తే జనం పస్తుంటారు, ఎక్కువ రాస్తే ఎవరి సొమ్మేం పోయింది అన్న మంచి మనసుతో దారిలో ఒక్కొక్కరూ కాస్త కాస్త కలుపుకుంటూ పోతున్నారు. ఆ మాత్రం దయ మనుషుల్లో ఉండటం మంచిదే. గుండుసూదిని భయపెట్టింది అంకె కాదు. చీటీ అడుగున ఒక వాక్యం ఉంది: 'ఆగమంటే వృద్ధురాలు విసుక్కుంది. నిలబడితే కాళ్లకే బరువు అంది.'

ఆ మాట ఆయన ఫారంలో రాయలేదు. ఇంట్లో తప్ప ఎక్కడా అనలేదు. చిన్నప్పుడు బడికి నడిచేటప్పుడు మేనత్త రోజూ అనే మాట అది. ఆయన వంతెన మనిషికి ఫోన్ చేశాడు.

"ఆవిణ్ణి మీరు కళ్లతో చూశారా?"

"మీ దగ్గర దాచేదేముంది సార్. రెండ్రోజులుగా జ్వరం, మంచం దిగలేదు. టిక్కు పెట్టి మా ఆవిడ చేత పంపించాను. ఆ మూడు పేజీలు ఎవరు రాస్తారు సార్?"

"మరి కింద ఆ మాట ఎందుకు రాశారు?"

"ఏ మాట సార్?"

గుండుసూది చదివి వినిపించాడు. వంతెన మనిషి తాను టిక్కూ అంకే తప్ప ఇంకేమీ రాయలేదని పిల్లల మీద ఒట్టేశాడు. మళ్లీ, జ్వరంలో రాశానేమో, కానీ ఆ మాట నాకు తెలియదే అన్నాడు. తర్వాత, మా ఇంటి ముందు బురదలో మేక అడుగులున్నాయి, మాకు మేక లేదు అని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

ఆ సాయంత్రం ఇంటిదగ్గర విషయం చెబితే ఆవిడ ముందు నవ్వింది. తర్వాత పటంలో రేవు ఎక్కడుందో, వంతెన ఎక్కడుందో వేలితో నేల మీద గీయమంది. గీతను పొడిగించి చూసింది. నవ్వడం మానేసింది.

"మనింటికే వస్తున్నట్టుందండీ. పక్క దులిపి పెట్టనా?"

మేనత్త అంటే ఆయనకు భయం లేదు, ప్రాణం. కానీ ప్రాణంగా చూసుకున్న మనిషైనా పోయాక నడిచొస్తుంటే తలుపు గడియ వేసి ఉందో లేదో చూసుకోవాలనిపిస్తుంది కదా.

మూడో రోజు గిడ్డంగి ఆయన చీటీ వచ్చింది. చూశాను, ముందుకు వెళ్లారు, పాత నూలుమిల్లు వైపు, ఇప్పుడు నూట అరవై మంది. ఇటుకబట్టీ చీటీ కూడా వచ్చింది. ఇక్కడే ఉన్నారు, నూట నలభై తొమ్మిది. గేర్లు బాగుపడ్డాయి. పెద్దమేడమ్ రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి, లారీ నూలుమిల్లుకు పోతుందని, నూట అరవై దుప్పట్లు ఎక్కించమని చెప్పింది. గాలికి పోయే కంప నెత్తికి చుట్టుకుందని గుండుసూదికి అప్పుడు పూర్తిగా అర్థమైంది. లేని నూట అరవై మంది, ఉన్న నూట నలభై తొమ్మిది మంది నోటి దగ్గర నీళ్లు లాక్కుంటున్నారు. ఇక ఆగలేక లోపలికెళ్లి ఎర్ర పెన్సిల్ బల్ల మీద పెట్టాడు.

"ఆ పదకొండు మంది లేరు మేడమ్. నేనే రాశాను. ఆవిడ మా మేనత్త."

"మీ మేనత్తా? మరి ముందే చెప్పాలి కదండీ, పాపం ఆవిణ్ణి ఇంత దూరం నడిపించారు."

"ఆవిడ చనిపోయి మూడేళ్లయింది మేడమ్."

పెద్దమేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆయనకు నిద్ర చాలడం లేదని తేల్చింది. రేవు, వంతెన, గిడ్డంగి, మూడు చోట్ల మూడు సంతకాలున్నాయి, లేని మనిషి ఇంత దూరం ఎలా నడుస్తుంది అని అడిగింది. మూడు రోజులుగా ఆయనా అదే ఆలోచిస్తున్నాడు. చివరికి ఆవిడ సొరుగులోంచి మూడు పేజీల ఫారం తీసి చేతిలో పెట్టింది. లారీలోనే వెళ్లండి, అక్కడ ఎవరూ లేకపోతే ఇది నింపుకురండి, అప్పుడు నమ్ముతాను అంది.

బయట పట్టపగలే మంచు కమ్మేసి ఉంది. లారీ ముందు పది అడుగుల దారి తప్ప ఏమీ కనిపించడం లేదు. డ్రైవరు కబుర్లపోగు. ఆ రోజు మాత్రం రెండు మైళ్లు దాటాక మాట్లాడటం మానేసి, మధ్యమధ్యలో హారన్ కొడుతున్నాడు. ఎందుకని అడిగితే, ముందు ఎవరో నడుస్తున్నట్టుంది, తప్పుకోవడం లేదు, దొరకడమూ లేదు అన్నాడు.

దారి రెండుగా చీలే చోట లారీ ఆపించాడు. ఎడమకు పోతే ఇటుకబట్టీ, కుడికి పోతే నూలుమిల్లు. డ్రైవరు చేతులు పట్టుకుని ఉన్నదంతా చెప్పాడు. మిల్లులో పిట్ట కూడా ఉండదు, బట్టీ దగ్గర చంటిపిల్లలున్నారు, తప్పు నాది, ఉద్యోగం పోతే నాది పోతుంది, ఎడమకు తిప్పు అని బతిమాలాడు. డ్రైవరు కూడా పిల్లలున్నవాడే. దారి తప్పానని చెప్తాలెండి అని స్టీరింగు ఎడమకు తిప్పాడు.

వంద గజాలు పోయారో లేదో, దారికి అడ్డంగా ఒక నల్లమేక నిలబడి ఉంది. మెడలో తాడు లేదు. హారన్‌కు కదల్లేదు, అదిలిస్తే కదల్లేదు. లారీని చూడటం లేదు, గుండుసూది కూర్చున్న వైపే చూస్తోంది. డ్రైవరు దిగి, దాని పక్కనుంచి మంచులోకి నడిచాడు. అయిదు నిమిషాలకు మోకాళ్లదాకా తడిసి వచ్చాడు.

"ముందు దారి లేదు సార్. అంతా నీళ్లే. బట్టీ పొగగొట్టం ఒక్కటే కనిపిస్తోంది."

గుండుసూది లారీ దిగి దారి మీదే కూలబడ్డాడు. నూట నలభై తొమ్మిది మంది. మొదటి రోజే నోరు విప్పి ఉంటే ఆఫీసు మొత్తం వచ్చి లెక్క చూసి ఉండేది, వాళ్లను బయటికి తెచ్చి ఉండేది. విరిగిన పెన్సిలు ములికి చెక్కుకునే బద్ధకానికి ఇంతమంది బలయ్యారని తల కొట్టుకుని ఏడ్చాడు. డ్రైవరు ఆయన్ని లేపి, నిలబడితే లాభం లేదు, ఉన్న దారినే పోదాం అని ఎక్కించాడు. లారీ వెనక్కి తిప్పేసరికి మేక లేదు.

నూలుమిల్లు గేటు దాటగానే పొగ వాసన తగిలింది. పెద్ద షెడ్డు నిండా జనం. పాత పెట్టెలు విరగ్గొట్టి మంటలు వేసుకుని, పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. గుండుసూది ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాడు. నూట నలభై తొమ్మిది. చంటిపిల్లలు పద్నాలుగు మంది. ఇటుకలు పేర్చే ఆవిడొకతె ఆయన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టి, తాగడానికి వేడినీళ్లిచ్చింది. సాయం చేయడానికి వచ్చినవాడు ఇలా ఉన్నాడేమిటని అనుకుని ఉంటుంది, పాపం.

వాళ్లు బట్టీ వదిలి రెండు రోజులైంది. తెల్లారేసరికి నీళ్లొచ్చాయి. బట్టీ లెక్కల మనిషి మొదట్లో ఒకసారి లెక్కపెట్టి వెళ్లాక మళ్లీ అటు తొంగిచూడలేదు. ఇంటి దగ్గరే కూర్చుని ఇక్కడే ఉన్నారు, ఇక్కడే ఉన్నారు అని టిక్కులు పెడుతున్నాడు. ఆయన చీటీని నమ్మి లారీ పంపి ఉంటే అది నీళ్లలోకే పోయేది.

"మంచులో దారి తెలీలేదయ్యా," అంది ఇటుకల ఆవిడ. "ముందు ఎవరో ముసలావిడ గొడుగేసుకుని నడుస్తుంటే ఆవిడ వెనకే వచ్చాం. ఆవిడ ఈ పక్కవాళ్ల తాలూకు అని మేమనుకున్నాం, మా తాలూకు అని వాళ్లనుకున్నారు."

"గొడుగుకి బట్ట ఉందా?" అని అడిగాడు గుండుసూది.

"లేదు. అదేంటా అని మేమూ అనుకున్నాం. ఇక్కడికి తెచ్చి వదిలింది. మేనల్లుడు లారీ తెస్తాడు, మీరిక్కడుండండి, నేను ముందు నడుస్తుంటా అంది."

గుండుసూది మొహం పక్కకు తిప్పుకున్నాడు. భయం వేయలేదు. చిన్నప్పుడు బడినుంచి వచ్చేటప్పుడు వీధి మలుపులో గొడుగు కనబడితే ఎలా ఉండేదో అలా ఉంది. దుప్పట్లు దించమని డ్రైవరుకు చెప్పాడు.

డ్రైవరు మనిషికొకటి చొప్పున ఇస్తుంటే ఈయన టిక్కులు పెట్టాడు. రెండోసారి ఎవరికీ ఇవ్వలేదు. నూట నలభై తొమ్మిది టిక్కులయ్యాక చూస్తే లారీ ఖాళీ. ఎక్కించింది నూట అరవై, పదకొండు దుప్పట్లు లేవు. సీట్ల కింద వెతికారు, టార్పాలిన్ విప్పి దులిపారు, జనాన్ని మళ్లీ లెక్కపెట్టారు. మిల్లు వెనక గేటు బార్లా తెరిచి ఉంది. దాని అవతల ఊళ్లోకి పోయే దారి, తడిమట్టి, మట్టిలో మేక అడుగులు. డ్రైవరు అటు చూసి, ఇంజన్ వేడెక్కుతోందని, తొందరగా బయల్దేరదామని అన్నాడు. ఇంజన్ అప్పటికి ఆపేసే ఉంది.

గుండుసూది లారీలో కూర్చుని మూడు పేజీల ఫారం తెరిచాడు. మొదటి ప్రశ్న: కనబడకపోవడానికి కారణమేమి? ఎర్ర పెన్సిల్ చేతిలోకి తీసుకున్నాడు, దాని విరిగిన ములికి చూసుకున్నాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. వెంట తెచ్చుకున్న రిజిస్టరు తీసి, డెబ్బై ఏళ్ల వృద్ధురాలు, వెంట పదిమంది అన్న వరస వెతికి, 'చూశాను, ముందుకు వెళ్లారు' అన్న గడిలో టిక్కు పెట్టాడు.

ఎంతైనా, ఆ మూడు పేజీలు ఎవరు రాస్తారు!