జంటలకే బస్సు

ఆ ఆదివారం పొద్దున హనుమాండ్లు వేసుకున్న ప్లానులో కొత్తేమీ లేదు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అమీర్‌పేటలోని తన గదికి తాళం పెట్టి, పంజగుట్ట ఫ్లైఓవర్ దగ్గర ఆగే ఏసీ బస్సెక్కడం. ఊళ్ల పొలాలను ముక్కలు చేసి అమ్మే ఏదో ఒక కంపెనీ ఆ బస్సులో తీసుకెళ్లి, భూమి చూపించి, భోజనం పెట్టి, సాయంత్రానికి తెచ్చి దింపుతుంది. అంతా ఉచితం. ఏ వారం ఏ కంపెనీ అయితేనేం, ఆయన కొనేదెలాగూ లేదు.

మరెందుకు వెళ్తాడంటారా? భార్య పోయింది. పిల్లల్లేరు. మాసబ్ ట్యాంక్ దగ్గర భూముల ఆఫీసులో కవర్లకు స్టాంపులంటించే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఉన్న బిల్డింగ్ నిండా కోచింగ్ పిల్లలే. మెట్ల మీద కనిపించినప్పుడు "తిన్నవా బిడ్డా" అని అడిగితే, చెవిలో పాట నడుస్తూ ఉంటుంది కాబట్టి ఒక నవ్వు నవ్వి పోతారు. మిగతా రోజులు ఎలాగో గడిచిపోయేవి గానీ ఆదివారం మాత్రం ఎంతకీ తెమిలేది కాదు. బస్సులో అయితే పక్క సీట్లో ఒక మనిషి ఉంటాడు. ఆయనకు కావలసింది ఆ మనిషే తప్ప భూమి కాదు.

ఆ వారం కంపెనీ పేరు పచ్చికబయలు రాంచెస్. భూమి ముక్క కొంటే దాంతోపాటు గొర్రెలు, వాటిని మేపే మనిషి కూడా వస్తారట. బస్సు మెట్టు మీద ప్రమోద్ అనే మార్కెటింగ్ కుర్రాడు మెడలో కార్డు వేసుకుని అడ్డంగా నిలబడ్డాడు.

"సార్, ఈసారి జంటలకే ఎంట్రీ. మేడం ఏరి?"

"గదేంది, ఎన్నడు లేంది?"

"మగోళ్లు ఒక్కలే వస్తుండ్రు సార్. బిర్యానీ తిని, ఇంట్ల అడిగి చెప్త అంటుండ్రు. మల్ల ఫోన్ ఎత్తుతలేరు. అందుకే ఆ ఇంట్లోళ్లను సుత తోల్కరమ్మంటున్నం."

మళ్లీ ఆ గదికి పోయి గోడల ముఖం చూడాలా అనుకునేసరికి హనుమాండ్లుకు అబద్ధం గట్టిగానే వచ్చింది. "వస్తున్నది, ఎనుకనే ఉన్నది" అన్నాడు.

ఆయన వెనక నిజంగానే ఒకావిడ ఉంది. అరవై దాటిన మనిషి, భుజాన గుడ్డసంచి. "మీరేనా మేడం?" అని ప్రమోద్ అడిగాడు. ఆవిడ హనుమాండ్లును ఎగాదిగా చూసి, "నేనే, జరుగు" అని ఆయనకన్నా ముందే ఎక్కి కిటికీ సీటు పట్టేసింది.

బస్సు కదిలాక ఆవిడే నోరు విప్పింది. "ఏమనుకోకుండ్రి. అటు దిక్కున్న బస్సోడు సుత గిదే మాటని దింపిండు. ఇంటికి పోబుద్ధి కాలె."

"నాకు సుత" అన్నాడు హనుమాండ్లు.

ఆవిడ పేరు స్వరాజ్యం. బోరబండలో ఒక్కతే ఉంటుంది. నర్సు ఉద్యోగం చేసి, తమ్ముణ్ణి చదివించి, వాడికి పెళ్లి చేసి, ఆ హడావిడిలో తన పెళ్లి సంగతి మర్చిపోయిన మనిషి. "మా నాయిన భూమిల నాకు సుత వాటా ఉండె. తమ్ముడు తెల్లకాయితం తెచ్చి సంతకం పెట్టుమన్నడు, పెట్టిన. మల్ల అటు దిక్కు పిలువనే లేదు. గందుకే వారం వారం పరాయోళ్ల భూములన్న చూసొస్తున్న" అంది. చెబుతున్నంతసేపూ కిటికీ బయటికే చూసింది.

తమది గొర్రెల కాపరుల ఇల్లని, తండ్రి పోయాక మంద, చెలక భూమి రెండూ అమ్ముకున్నామని హనుమాండ్లు చెప్పాడు. ఈ సంగతి ఎవరితోనైనా అని ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తు లేదు.

సైటులో పెద్ద షామియానా, బంతిపూల తోరణాలు, అవతల కంచెలో గొర్రెల మంద. భోజనాలు మొదలయ్యాయి. హనుమాండ్లు మాత్రం కంచె దగ్గరికి వెళ్లాడు. ఆ వాసన తగిలేసరికి ఆయన మనసు మనసులో లేదు. చిన్నప్పుడు తండ్రి పిలిచినట్టు నాలుక మడిచి "ట్రుర్ర్ర్" అన్నాడు. ఒక గొర్రె తలెత్తింది. ఇంకోసారి అన్నాడు. మంద మొత్తం కదిలింది. కంచెకు తలుపుగా కట్టిన తడిక పడిపోయింది. పిలిస్తే వచ్చే ప్రాణి ఒకటి ఈ లోకంలో ఇంకా ఉందని ఆయనకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ నీళ్లలో వెనక ఏముందో ఆయన చూసుకోలేదు. వెనక్కి వెనక్కి నడుస్తూ మందను నేరుగా షామియానాలోకి తీసుకొచ్చేశాడు. గొర్రెలు తోరణాలు తిన్నాయి, ఉల్లి ముక్కలు తిన్నాయి, కంపెనీ ఓనరు మెడలోని దండను కూడా సగం తిన్నాయి. వచ్చినవాళ్లు ఇదేదో ప్రోగ్రాం అనుకుని చప్పట్లు కొట్టారు. స్వరాజ్యం విస్తరి వదిలేసి వచ్చి ఓనరును గొర్రెల మధ్య నుంచి బయటికి లాగింది. "సార్, మేడం, జర దగ్గరికి జరుగుండ్రి" అంటూ ఫొటోగ్రాఫరు క్లిక్కుమనిపించాడు.

ఆ ఫొటో వారం తిరక్కముందే పంజగుట్ట చౌరస్తాలో ఫ్లెక్సీ అయి లేచింది. "మా భూమి, మా మంద: హనుమాండ్లు, స్వరాజ్యం దంపతులు." ఆ కబురు హనుమాండ్లుకు చెప్పింది టీకొట్టు జమీల్.

"క్యా భాయ్, షాదీ చేసుకున్నవ్, దావత్ లేదా?"

హనుమాండ్లు తాగుతున్న చాయ్ అక్కడే పెట్టి ప్రమోద్‌కు ఫోన్ చేశాడు. "గా ఫ్లెక్సీ జల్ది దింపు బాబూ. ఆమె ఇజ్జత్ పోతది."

"ఫికర్ చెయ్యకుండ్రి సార్, మీ జోడీని చూసి బుకింగ్‌లు మస్తు పెరిగినయ్. చిన్నగైందనా మీ బాధ? అమీర్‌పేట మెట్రో కాడ దీనికి డబల్‌ది కడుతున్నం."

ఆ డబల్‌ది కట్టిన సాయంత్రమే హనుమాండ్లు తలుపు చప్పుడైంది. అరటిపండ్లు, మిఠాయి డబ్బాతో ఒకాయన వినయంగా నిలబడ్డాడు. ఆయన కృష్ణమోహన్, స్వరాజ్యం తమ్ముడు. ఊరి నుంచి పని మీద పట్నం వచ్చి ఫ్లెక్సీ చూసి, దాని మీది నంబరుకు ఫోన్ చేస్తే ప్రమోద్ ఎంతో మర్యాదగా అడ్రసు చెప్పాడట.

"నమస్తే బావా. అక్క లగ్గం చేసుకుంటే మాకు ఒక మాటన్న చెప్పొద్దా?"

"అయ్యో, నేను మీ అక్కకు ఏం గాను..."

"కోపంల గట్లనే అంటరు బావా. తప్పు మాదే. మీరేం కొలువు చేసిండ్రు?"

"భూముల ఆఫీసుల."

కృష్ణమోహన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇన్నాళ్లూ అక్క ఒంటరిది, ఆ భూమి ఎటు తిరిగీ తన పిల్లలకే వస్తుందని ధీమాగా ఉన్నాడు. ఇప్పుడు అక్కకు మొగుడొచ్చాడు. వచ్చిన మొగుడు భూముల ఆఫీసు వాడు. పైగా అమ్ముదామంటే కొనేవాళ్ల వకీలు అక్క సంతకం తెమ్మంటున్నాడు. "తెల్లకాయితం చెల్లదని మీకు నేను చెప్పాల్నా బావా. కోర్టుకు మాత్రం పోకుండ్రి. వాగు పక్క చెలక అక్క పేరు మీద రాసిస్త, కడమ భూమికి ఆమెతోని సంతకం పెట్టియ్యుండ్రి" అని హనుమాండ్లు గడ్డం పట్టుకున్నాడు.

అప్పటికే స్వరాజ్యం వాకిట్లో ఉంది. ఫ్లెక్సీ విషయం తేల్చుకుందామని, ప్రమోద్ దగ్గరే అడ్రసు తీసుకుని కోపంగా వచ్చిన మనిషి, ఆ మాట విని గడప దగ్గరే ఆగిపోయింది. ఇన్నేళ్లు అడిగినా పలకని తమ్ముడు, పక్కన ఒక మగమనిషి బొమ్మ పడేసరికి పండ్లు పట్టుకుని పరుగెత్తి వచ్చాడు. ఆవిడ హనుమాండ్లు వైపు చూసింది.

హనుమాండ్లుకు అంతా అర్థమైంది. నిజం చెబితే ఆవిడ భూమి పోతుంది. చెప్పకపోతే భూమి వస్తుంది. సొంత భూమి వచ్చిన మనిషి పరాయివాళ్ల భూములు చూడటానికి ఆదివారం బస్సెందుకెక్కుతుంది? ఆ పక్క సీటు మళ్లీ ఖాళీ అయిపోతుంది.

"రాసియ్యి" అన్నాడు.

రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఆఫీసు బయటికి రాగానే స్వరాజ్యం కాగితాలు సంచిలో పెట్టుకుని, తమ్ముడికి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "ఆయన నాకేం గాడురా." కృష్ణమోహన్ ఆ మెట్ల మీదే కూలబడ్డాడు. ఆవిడ హనుమాండ్లు వైపు తిరిగి, "మీ మేలు మర్చిపోను. మీకేమన్న గావాల్నా?" అని అడిగింది. ఆదివారం ఒక్కటి కావాలని ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. "ఏం వద్దు" అన్నాడు. ఆవిడ బర్రెలు కొనుక్కుని ఆ చెలకలోనే రేకుల గది వేసుకుందని తర్వాత తెలిసింది.

తర్వాతి ఆదివారం ఇస్త్రీ చొక్కాతో పంజగుట్ట వెళ్లాడు. "మేడం ఏరి సార్?" అన్నాడు ప్రమోద్. ఫ్లెక్సీలో ఉన్న మనిషినే ఎక్కించుకోకుండా బస్సు వెళ్లిపోయింది.

గదికొచ్చి కూర్చున్నాడో లేదో, తలుపు విరిగేలా చప్పుడైంది. కృష్ణమోహన్. ఈసారి చేతిలో పండ్లు లేవు.

"మోసం చేసినవ్ బావా. మంచిగ కూసోని మరీ మోసం చేసినవ్."

హనుమాండ్లు తలవంచుకుని విన్నాడు. కృష్ణమోహన్ మధ్యాహ్నం దాకా తిట్టి అలసిపోయాడు. అన్నం వండి పెడితే తింటూ కాసేపు తిట్టాడు. తిట్ల మధ్యలో తన బాధ కూడా చెప్పుకున్నాడు. అక్క మాట్లాడటం లేదు. చెలక పోగొట్టాడని పెళ్లాం మాట్లాడటం లేదు. మిగిలిన భూమి అమ్మేశాక ఊళ్లో పొద్దున లేచి చేసే పనే లేదు. చీకటి పడేసరికి చెప్పులేసుకుని, "కడమది వచ్చే ఆదివారం తిడుత. ఇంట్లనే ఉండు" అన్నాడు.

ఆ కడమ తిట్లు ఇప్పటికీ పూర్తి కాలేదు. హనుమాండ్లు శనివారం సాయంత్రమే ఇద్దరికి సరిపడా కూరగాయలు తెచ్చి పెట్టుకుంటున్నాడు. భార్య లేని ఇంటికి వారం వారం బావమరిది వస్తున్నాడు.