కోసి కుట్టిన నవల

పుస్తకం లోపల ఏముందో ఎన్నడూ చూడని మనిషి సాహిత్య విమర్శకుడు కావాలనుకోవడంలో తప్పేమీ లేదు. అలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు, అందరూ బాగానే బతుకుతున్నారు. మన బైండింగాయన చేసిన తప్పల్లా ఆ ప్రయత్నంలో ఇంటావిడకు కోపం తెప్పించడం.

ఆయన ఇంటి ముందుగదే ఆయన షాపు. ఒక పెద్ద బల్ల, ఒక ఇనప ప్రెస్సు, కాగితాలు కోసే కత్తి, మూలన జిగురు డబ్బా. ఇరవై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల చిరిగిన ప్రతి పుస్తకమూ ఆయన చేతికే వస్తోంది. అట్ట చూస్తాడు, వీపు చూస్తాడు, అంచులు చూస్తాడు. లోపల అచ్చయిన సంగతి అచ్చేసినవాడి గొడవ అని ఆయన అభిప్రాయం.

చదవడం ఆవిడ వంతు. ఎందుకంటే కుట్టేది ఆవిడే. పదహారు పేజీల మడతను ఫారం అంటారు. ఫారాలను వరసగా పేర్చి దారంతో కుడితే పుస్తకమవుతుంది. ఆవిడ పేజీ నంబర్లను నమ్మదు. ఒక ఫారం చివరి వాక్యాన్నీ తర్వాతి ఫారం మొదటి వాక్యాన్నీ కలిపి చదివి, మాట అతికితేనే సూది దించుతుంది. అతికిందో లేదో చూద్దామని మొదలుపెట్టి మధ్యలోదంతా చదివేస్తుంది. ఆ రకంగా ఇరవై ఏళ్ళలో పుస్తకాలన్నీ ఆవిడ బుర్రలోకీ, వాటి దుమ్మంతా ఆయన ముక్కులోకీ చేరాయి.

పక్కవీధి లైబ్రరీలో ఆదివారం సాయంత్రాలు పాఠకుల సంఘం కూర్చుంటుంది. ఒక వారం నవల, ఒక వారం సినిమా, ఒక వారం సంగీతం, ఏదో ఒకదాన్ని బల్ల మీద పడుకోబెట్టి పోస్టుమార్టం చేస్తారు. సంఘానికి పెద్ద ఒక రిటైరైన కాలేజీ మేష్టారు. ఆయన్ను అందరూ అంతరార్థం మాస్టారు అంటారు. ఒక పాటలో గాయకుడు దగ్గితే అది వ్యవస్థ మీద నిరసన అని చెప్పాడాయన. సినిమా మధ్యలో కరెంటు పోతే, దర్శకుడు మనల్ని చీకట్లో కూర్చోబెట్టిన తీరు అద్భుతమని ముప్పావుగంట మాట్లాడాడు. కరెంటు వచ్చాక కూడా ఆపలేదు.

బైండింగాయన ఆ సభలకు క్రమం తప్పకుండా వెళ్ళి తలుపు దగ్గర కుర్చీలో కూర్చునేవాడు. సభ అయ్యాక ఒకరిద్దరు ఆయన దగ్గరికి వచ్చి, మా డిక్షనరీ అట్ట ఊడింది, ఎప్పుడు తీసుకురమ్మంటారు అని అడిగేవారు. ఇంతమంది పుస్తకాలు తన చేతుల మీదుగా పోతున్నాయి, ఒక్కరూ తనను పుస్తకం గురించి అడగరే అని ఆయనకు లోపల చాలా బాధగా ఉండేది. నిజమైన బాధే. దానికి విరుగుడు చదవడమని మాత్రం ఆయనకు తట్టలేదు.

ఇంతలో సంఘం సెక్రటరీ బదిలీ అయి వెళ్ళిపోయాడు. వచ్చే ఆదివారం ఒక పాత నవల మీద ఎవరు బాగా మాట్లాడితే వాళ్ళే కొత్త సెక్రటరీ అని మాస్టారు ప్రకటించాడు. సెక్రటరీ అంటే ముందు వరసలో చేతుల కుర్చీ, మైకు పట్టుకునే హక్కు. ఇక్కడ అదృష్టం ఏమిటంటే, ఆ నవల కాపీ లైబ్రరీలో ఒక్కటే ఉంది. అది చిరిగి పీలికలై బైండింగాయన బల్ల మీదే ఉంది.

ఆయన బుర్ర అప్పుడు పాదరసంలా పనిచేసింది. పుస్తకం తన దగ్గరే ఉంచుకుంటే ఇంకెవరూ చదవలేరు. చదవనివాడు మాట్లాడలేడు. తనూ చదవక్కర్లేదు, ఇంటావిడ చెబుతుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఆయన మురిసిపోయి, కుట్టు బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"ఈ నవల కథేమిటో కాస్త చెబుదూ."

"ఎందుకు?"

"ఊరికే. తెలుసుకుందామని."

"ఇరవై ఏళ్ళలో పుట్టని కోరిక ఇవాళ పుట్టిందా?" అందావిడ. అప్పటికే ఆ చిరుగుల పుస్తకాన్ని ఆసాంతం చదివేసింది. "చెబుతాను. ఆదివారం నన్నూ సభకు తీసుకెళ్ళండి."

ఇద్దరం వెళితే షాపు ఎవరు చూస్తారన్నాడు. ఆదివారం షాపుకు సెలవంది. ఇల్లెవరు చూస్తారన్నాడు. ఇంట్లో జిగురు డబ్బా తప్ప దొంగకు పనికొచ్చేదేముందంది. ఆయన దగ్గర సాకులు అయిపోయాయి. మనిషి దగ్గర సాకులు అయిపోతే నిజం బయటికొస్తుంది.

"అక్కడ పెద్దపెద్ద విషయాలు మాట్లాడుకుంటారు. శిల్పం, వస్తువు, ప్రతీక... నీకేం అర్థమవుతుంది చెప్పు?"

ఆవిడ సూదిని దారపు ఉండకు గుచ్చి, లేచి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆవిడ చేత్తో ఒక్క కుట్టు పడలేదు. అన్నం పెట్టింది, అడిగిన దానికి జవాబు చెప్పింది, సూది మాత్రం ముట్టలేదు.

సరే, కుట్టడం ఏమంత బ్రహ్మవిద్య అనుకున్నాడాయన. నవలను విప్పాడు. మొత్తం పదకొండు ఫారాలు. చిరిగిన మడతలకు కాగితం అతికించి, తడి ఆరడానికి కొన్ని మంచం మీద, కొన్ని కిటికీలో, రెండు కుర్చీ వీపు మీద ఆరేశాడు. అంచులు మరీ పాడుగా ఉన్నాయని వాటిని ముందే కత్తి కింద పెట్టి శుభ్రంగా కోశాడు. కుట్టాక కోయాలి, అది లోకరీతి. ఈయన కోసి కుట్టాడు. పేజీ నంబర్లన్నీ అంచులతో పాటు చెత్తబుట్టలో పడ్డాయి. తర్వాత చేతికి దొరికిన వరసలో ఫారాలు ఏరుకుని కుట్టేసి అట్ట వేశాడు. పైకి చూస్తే పుస్తకం ముచ్చటగా ఉంది.

ఇక కథ చెప్పేవాళ్ళు లేరు కాబట్టి ఆయన జీవితంలో మొదటిసారి ఒక నవల చదవడానికి కూర్చున్నాడు. మొదటి రెండు ఫారాలూ బాగానే నడిచాయి. ఒక ఊళ్ళో ఒక టైలరు ఉన్నాడు, పనిమంతుడు. మూడో ఫారంలో ఆ టైలరు పెళ్ళాం చనిపోయి ఉంది. టైలరు ఇల్లిల్లూ తిరిగి ఆవిడ కొలతలు అడుగుతున్నాడు. నాలుగో ఫారంలో చనిపోయినావిడ కాఫీ కప్పుతో వచ్చి, నాకో జాకెట్టు కుట్టిపెట్టమంది. ఆరో ఫారంలో జబ్బుపడింది. పదకొండో ఫారంలో వాళ్ళ పెళ్ళి. పైగా ఒకచోట 'ఆయన తలుపు తీసి చూస్తే' అని పేజీ ముగిసి, తర్వాతి పేజీ 'నాలుగు గజాలు చాలన్నాడు' అని మొదలైంది.

ఆయనకు తల తిరిగింది. తన బుర్ర మీద అనుమానం వచ్చింది, తన కుట్టు మీద రాలేదు. ఎవరికీ తెలియకుండా మాస్టారింటికి వెళ్ళి, ఒక కథలో ముందు చావూ తర్వాత పెళ్ళీ వస్తే దాన్నేమంటారు అని అడిగాడు. మాస్టారి కళ్ళు మెరిశాయి. కాలాన్ని ముక్కలు చేసి మళ్ళీ అల్లడం అంటారు, మహా రచయితలే చేయగలరు అన్నాడు. తను ఆ నవలను చిన్నప్పుడు చదివాననీ, అప్పుడే ఆ శిల్పానికి నిశ్చేష్టుడినయ్యాననీ కూడా చెప్పాడు. బైండింగాయన గుండె మీద నుంచి బరువు దిగింది.

శుక్రవారం లైబ్రేరియనమ్మ స్వయంగా వచ్చి, జిగురు ఆరలేదన్నా వినకుండా పుస్తకం పట్టుకుపోయింది. అది మాస్టారి చేతికీ, ఆయన దగ్గర్నుంచి సంఘంలో ఉన్న రిటైర్డ్ స్టేషన్ మాస్టరు చేతికీ వెళ్ళింది. ఈయనను టైమ్‌టేబుల్ తాతగారంటారు. గడియారం చూడకుండా మంచినీళ్ళు కూడా తాగడు.

ఆదివారం పొద్దున్న బైండింగాయన అద్దం ముందు నిలబడి ఉపన్యాసం సాధన చేస్తున్నాడు. వంటింటి గుమ్మంలో ఇంటావిడ కనిపించింది.

"మీరు చదివిన పుస్తకంలో ఆవిడ ఎప్పుడు చనిపోయింది?"

"మూడో ఫారంలో."

"పెళ్ళి?"

"చివర్న. అదే శిల్పం. నీకు చెప్పినా ఎక్కదులే."

ఆవిడ కాసేపు ఆయన వంక చూసింది. ఆ చూపులో జాలి ఉందని ఆయన గమనించి ఉంటే బాగుండేది. సాయంత్రం నేనూ వస్తానంది. తనకు చప్పట్లు కొడుతుంటే చూడ్డానికి ఇంటి మనిషి ఒకరుండాలి కదా అని ఆయన ఉదారంగా ఒప్పుకున్నాడు. వెనక వరసలో కూర్చోమని మాత్రం చెప్పాడు.

సభలో నలభైమంది దాకా ఉన్నారు. బైండింగాయన మైకు పట్టుకుని విజృంభించాడు. చనిపోయినావిడ జాకెట్టు అడగడం మానవజాతి తీరని కోరికకు ప్రతీక అన్నాడు. సగంలో తెగిన వాక్యం మన తెగిన బంధాలకు ప్రతీక అన్నాడు. పేజీ నంబర్లు లేకపోవడం, కాలానికి అంకెలుండవని చెప్పడమే అన్నాడు. భార్య కొలత ఊరందరికీ తెలిసి భర్తకు తెలియకపోవడానికి కారణం కూడా చెప్పాడు, వాళ్ళకింకా పెళ్ళి కాలేదు కదా అని. హాలంతా చప్పట్లతో మోగింది. మాస్టారు లేచి కౌగిలించుకున్నాడు.

అప్పుడు టైమ్‌టేబుల్ తాతగారు చెయ్యెత్తాడు. తన ముప్పై ఏళ్ళ సర్వీసులో వచ్చిన రైలు పోవడం చూశాను గానీ, పోయాక వచ్చిన రైలును చూడలేదన్నాడు. "ఫారాలు తారుమారయ్యాయేమో. బైండు చేసింది ఆయనేగా, ఆయన్నే అడగండి."

నలభై తలకాయలు బైండింగాయన వైపు తిరిగాయి. అప్పటిక్కానీ ఆయనకు మంచం, కిటికీ, కుర్చీ వీపు కళ్ళ ముందు మెదలలేదు. నోట్లో వెలక్కాయ పడింది. అవునంటే ఇరవై ఏళ్ళ పనితనానికి మచ్చ, ఉపన్యాసం నవ్వులపాలు. కాదంటే సెక్రటరీ కుర్చీ. కుర్చీ ఎదురుగానే ఉంది, మెత్తటి దిండు కూడా ఉంది.

"నేను ఉన్నది ఉన్నట్టే కుట్టాను," అన్నాడు.

"చూశారా," అన్నాడు మాస్టారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఆయన ఎప్పుడూ అంటాడు. ఈసారి కుందేలు కూడా ఒప్పుకుంది.

వెనక వరసలో కుర్చీ కదిలిన చప్పుడయింది. "ఉన్నట్టో లేనట్టో ఇప్పుడే చూద్దాం," అంటూ ఇంటావిడ ముందుకు నడిచి వచ్చింది. లైబ్రేరియనమ్మ దగ్గర కత్తెర అడిగి తీసుకుంది. అందరూ చూస్తుండగా అట్ట విప్పి, వీపు మీద దారం కత్తిరించింది. మాస్టారు గుండె పట్టుకున్నాడు. పదకొండు ఫారాలూ బల్ల మీద పరిచి, ఒక్కొక్కదాని చివరి వాక్యం, ఇంకోదాని మొదటి వాక్యం పైకి చదువుతూ పేర్చింది. ఆయన తలుపు తీసి చూస్తే వాన పడుతోంది. నాలుగు గజాలు చాలన్నవాడు బట్టల కొట్టువాడు. పది నిమిషాల్లో నవల వరసకొచ్చింది.

తర్వాత ఆవిడ మైకు లేకుండానే కథ చెప్పింది. టైలరు ఊరందరికీ బట్టలు కుట్టాడు. పెళ్ళాం ఇష్టపడి గుడ్డ కొనుక్కుని, కాఫీ తెచ్చినప్పుడల్లా నాకో జాకెట్టు కుట్టమని అడిగేది. ఊరివాళ్ళ పని తెమలనీ అనేవాడు. పని తెమల్లేదు. ఆవిడ జబ్బుపడింది, పోయింది. అప్పుడు పెట్టెలో గుడ్డ కనిపించింది. కత్తెర పట్టుకుని కూర్చున్నాడు, కొలత తెలియలేదు. "చివరి ఫారం నేను చెప్పను. దాని చోట పెట్టి మీరే చదువుకోండి," అని ముగించింది.

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో ఒకరు కళ్ళజోడు తుడుచుకున్నారు. మాస్టారు మాత్రం, ఏమైనా ఇందాకటి వరసలో గాఢత ఎక్కువని గొణిగాడు. తాతగారు ఆయన్ను కూర్చోమన్నాడు. కొత్త సెక్రటరీగా ఈవిడ కావాలనేవాళ్ళు చేతులెత్తమని లైబ్రేరియనమ్మ అడిగితే చేతులన్నీ లేచాయి. అందులో బైండింగాయన చెయ్యి కూడా ఉంది. పోటీలో ఉన్నది తనేనని గుర్తొచ్చేసరికి దించడానికి సిగ్గేసింది.

ఇంటికి తిరిగి వస్తుంటే విడిపోయిన ఫారాల కట్ట ఆయన చంకలో ఉంది. మళ్ళీ కుట్టాలి కదా.

"పొద్దున్నే ఇంట్లో ఓ మాట చెప్పి ఉంటే నా పరువు దక్కేది," అన్నాడు.

"ఇంట్లో చెబితే మీరెప్పుడు విన్నారు? నా మాట మీ చెవిన పడాలంటే నలభై కుర్చీలు వేయించాల్సి వచ్చింది."

ఆయన తేలు కుట్టిన దొంగలా నడిచాడు. వీధి మలుపులో దీపం కింద ఆగి, నువ్వు పద, నేనొస్తానన్నాడు. కట్టలోంచి చివరి ఫారం తీశాడు. టైలరు ఇల్లిల్లూ తిరిగి పెళ్ళాం కొలత అడుగుతాడు. కూరలమ్మేవాళ్ళకు తెలుసు, పక్కింటివాళ్ళకు తెలుసు. ఆయనకే తెలియదు. ఇవే పదహారు పేజీలు మూడో ఫారంగా చదివినప్పుడు ఆయనకు ఒక్క ముక్కా ఎక్కలేదు. ఇప్పుడు అక్షరాలు సరిగ్గా కనిపించక, తప్పు దీపానిదని అనుకున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ కాళ్ళు కడుక్కుని వంటింట్లో ఉంది. ఆయన గుమ్మంలో నిలబడి అడిగాడు.

"నీకేమైనా కావాలా?"

ఆవిడ గరిటె పక్కన పెట్టి అనుమానంగా చూసింది. "దీని అంతరార్థం ఏమిటి?"

"ఏమీ లేదు. మామూలుగానే అడిగాను."

"అయితే కావాలి. ఇక ప్రతి ఆదివారం నాకు సభ పని ఉంటుంది. వచ్చేసరికి వంట అయిపోయి ఉండాలి," అందావిడ. "కూరలు కోసి, కడగడం కాదు. కడిగి, కోయండి."