బర్రెకూ కేకుకూ మధ్య గోడ

వెబ్‌సైట్ల మధ్య గోడలు కట్టడమంటే మనుషుల్ని విడదీయడమే. ఈ మాట నేను నవ్వులాటకు అనడం లేదు.

మా నిజామాబాద్‌లో భానుప్రసాద్ వెబ్‌సైట్లకు చోటు అద్దెకిస్తాడు. ఒకే పెద్ద కంప్యూటర్‌లో అందర్నీ ఉంచుతాడు. లిడియా కేకుల దుకాణం, రెంజల్ ఎర్రన్న బర్రెల అమ్మకం, నా కాలమ్ అన్నీ అందులోనే ఉండేవి. మధ్యలో అడ్డుగోడ అనే మాటే లేదు. ఇంతకు మించిన ఐకమత్యం ఎక్కడుంది?

ఆ మధ్య ఎవరో ఎర్రన్న సైటులోకి దొంగతనంగా దూరి, అక్కణ్నుంచి అందరి ఫోటోలూ తారుమారు చేశారు. లిడియా సైటులో కేకులకు బదులు ముర్రా బర్రెలు నిలబడ్డాయి. ఎర్రన్న సైటులో మూడంతస్తుల తెల్లటి పెళ్లి కేకు, దాని కింద "పూటకు ఏడు లీటర్లు, రెండో ఈత". నా ఫోటో ఉండాల్సిన చోట ఓ దున్నపోతు. ఈ మధ్య ముఖంలో కళ వచ్చిందని పాఠకులు ఫోన్లు చేశారు.

కూతురి పుట్టినరోజుకు కేకు చెబుదామనుకున్న గంగమణి లిడియాకు ఫోన్ చేసింది.

"ఏందక్కా, కేకులు బంజేసి బర్రెలు వెట్టినవా?"

లిడియా మండిపడుతూ ఎర్రన్నకు ఫోన్ కలిపింది. ఆయన హుషారుగా ఉన్నాడు.

"అక్కా, పొద్దుగాల సంది అందరు గా తెల్లదాని రేటే అడుగుతున్రు. ఏం జెప్పాలె?"

లిడియాకు నవ్వాగలేదు. ఆ పరిచయంతో ఆమె దుకాణానికి వెన్న ఎర్రన్న ఇంటి నుంచే రావడం మొదలైంది. గోడ ఉంటే ఇది జరిగేదా?

భానుప్రసాద్‌కు మాత్రం భయం పట్టుకుంది. వెంటనే మరమ్మతు చేశాడు.

"ఇగ ఎవలి రూం వాళ్లదే అక్కా. మిషన్ ఒకటే గని, లోపట ఎవలి సర్వర్ వాళ్లకు వేరే జేసిన" అని లిడియాకు చెప్పాడు.

బర్రెలు రెంజల్‌కు, కేకులు నిజామాబాద్‌కు చేరాయి. నా ముఖం నాకు తిరిగొచ్చింది.

క్రిస్మస్ దగ్గరపడింది. ఎర్రన్న తన బర్రె ఈనిన వీడియో పెట్టాడు. ఊళ్లకు ఊళ్లు చూశాయి. లిడియా సైటు కదలడం మానేసింది. గోడలైతే లేచాయి గానీ, మిషన్ సత్తువ అందరికీ ఉమ్మడిదేనట. చర్చి తరఫున కేకులు చెప్పాలనుకున్న రూతమ్మ పేజీ తెరుచుకోక విసిగి, బోధన్‌లో మరో దుకాణానికి చెప్పేసింది. ఏటా ఆ కేకులు చేసేది లిడియానే.

ఆమె భానుప్రసాద్ దగ్గరికి వెళ్లింది. వెంట నేనూ వెళ్లాను.

"మీ రూంల ఏం ప్రాబ్లం లేదక్కా. గోడలు మస్తు గట్టిగున్నయి" అంటూ భానుప్రసాద్ తన సొంత సైటు తెరిచి, గోడల గురించిన ప్రకటన చూపించాడు. అది రెప్పపాటులో తెరుచుకుంది.

"మరి నీది గింత స్పీడెట్ల వస్తుంది?" అంది లిడియా.

"మాది గా మిషన్ల లేదక్కా. దాంట్ల మస్తు రష్షుంటది."

మరునాటికల్లా లిడియా తన కేకుల్ని అక్కణ్నుంచి ఖాళీ చేయించింది. వెనకే ఎర్రన్న బర్రెలూ, నేనూ.