నీలవేణికి పట్టిన రంగం గాలి

ఆ మంగళవారం పొద్దున్న నీలవేణి వేసుకున్న పథకం చిన్నదే. పొయ్యిమీద గంజి దించి, ఆవుకు కుడితి పెట్టి, అత్త గురమ్మ పొలానికి బయలుదేరగానే వెనకవీధిలోని దేముడమ్మ ఇంటికి వెళ్ళి పరదేశపు మర్యాదలు నేర్చుకురావాలి. అత్త తిరిగొచ్చేలోగా ఏమీ ఎరగనట్టు బియ్యం చెరుగుతూ కనిపించాలి.

మొగుడు సోములు పెళ్ళైన కొత్తలోనే మలాయా రబ్బరు తోటల్లో పనికి వెళ్ళిపోయాడు. మూడేళ్ళయింది. పక్కూరికి సెలవుమీద వచ్చిన మనిషొకడు కబురు తెచ్చాడు: సోములు ఈ నెలలోనే వస్తాడు, తిరిగి వెళ్ళేటప్పుడు పెళ్ళాన్ని వెంట తీసుకుపోతాడు. గురమ్మ "తీసుకెల్తే ఎల్తాది, నేనొద్దన్నానేటి" అని ఊరుకుంది గానీ, రెండు రోజులపాటు ఆమె వండిన కూర నోట పెట్టలేనంత ఉప్పగా ఉంది. అందుకే నీలవేణి ఈ చదువు సంగతి అత్తకు చెప్పలేదు. చెబితే, నన్నొదిలి పోవడానికి ఎంత తొందరో అనుకుంటుందని భయం. అంతకు మించిన భయం ఇంకొకటి ఉంది. పరాయి దేశంలో తను మొద్దులా నిలబడితే, మొగుడు నలుగురిలో తల దించుకుని, మళ్ళీ ఓడెక్కించి పంపేస్తాడేమోనని.

ఊళ్ళో సముద్రం దాటి వచ్చిన ఆడమనిషి దేముడమ్మ ఒక్కతే. వయసులో ఉన్నప్పుడు మొగుడితో రంగూను వెళ్ళి, ధాన్యం మిల్లులో పనిచేసి, యుద్ధంలో బాంబులు పడితే కాలినడకన తిరిగొచ్చింది. ఆ ఊరివాళ్ళ నోట రంగూను రంగమే. పాతికేళ్ళు దాటినా ఆవిడ నాలుక చివర బర్మా మాటలు ఇంకా ఉన్నాయి. వినేవాళ్ళే దొరకలేదు.

"మలాయా, రంగం ఒకటేనా పెద్దమ్మా?" అని అడిగింది నీలవేణి.

"సముద్రం ఒకటే కదే గుంటా. నీల్లొకటైనప్పుడు మనుసులు వేరవుతారేటి," అని దేముడమ్మ కాళ్ళు చాపుకుని మొదలుపెట్టింది. "ఇను. ఎవరి తలా ముట్టుకోకూడదు. వాల్లకి తలంటే దేవుడితో సమానం. ఏదైనా ఇస్తే కుడిసేత్తో ఇచ్చి, ఎడంసెయ్యి మోసెయ్యి కింద పెట్టాల. పెద్దోల్ల ముందునుంచి ఒంగి ఎల్లాల. ఎవరు ఎదురైనా 'కూడు తిన్నావా' అని పలకరించాల. నిన్నడిగితే మాత్రం తిన్నాననే సెప్పాల, కడుపు కాలిపోతన్నా సరే."

"ఎందుకలగ?"

"ఎందుకో నేనడగలేదు. ఇంట్లో ఇప్పట్నుంచే అలవాటు సేసుకో. ఓడ దిగినాక నేర్సుకుంటానంటే అవదు."

ఆ సాయంత్రం గురమ్మ పొలంనుంచి వచ్చి, రోజూలాగే అరుగుమీద కూర్చుని జుట్టు విప్పుకుంది.

"రా పిల్లా, తలకి కాస్త ఆందం రాయి."

నీలవేణి ఆముదంలో వేళ్ళు ముంచింది. పాఠం గుర్తొచ్చి రెండడుగులు వెనక్కి వేసింది. "నీ తల నేను ముట్టుకోకూడదత్తా."

"ఎందుకు ముట్టుకోకూడదు?"

అసలు సంగతి చెప్పలేక నీలవేణి, "దేవుడితో సమానం," అంది.

గురమ్మకు అది పొగడ్తో తిట్టో తేలలేదు. ఇన్నేళ్ళలో ఆమె తలను ఎవరూ ఆ మాట అనలేదు. తన నూనె తనే రాసుకుని జుట్టు ముడేసుకుంది.

మామ అసిరయ్య భోజనం ముగించి చేతులు కడుక్కుని మంచినీళ్ళు అడిగాడు. నీలవేణి కుడిచేత్తో చెంబు అందించి, ఎడమచెయ్యి మోచేతి కింద పట్టుకుంది.

"సెయ్యి బెణికినాదేటమ్మా?"

"లేదు మావా." ఆమె ఒంగి ఆయన ముందునుంచి వెళ్ళబోయింది.

"మరి నడుమా?"

"లేదు మావా." వెళ్తున్నది ఆగి, పలకరించడం మరిచానని నాలుక కరుచుకుని, "కూడు తిన్నావా మావా?" అంది.

అసిరయ్య తడి ఆరని తన చేతివంక చూసుకున్నాడు. వడ్డించింది ఆమే. రాత్రి పడుకోబోతూ భార్యతో, "గుంట మతి సరిగ్గా లేదే," అన్నాడు.

అసలు చిక్కు తిండి దగ్గర వచ్చింది. గురమ్మ "తిన్నావా?" అని అడగడం, నీలవేణి అలవాటు కోసం "తిన్నానత్తా" అనడం. మిగిలినది గురమ్మ ఆవుకు పెట్టేసేది. తిన్నానన్నాక కుండ దగ్గరకు వెళ్ళడానికి కోడలికి మొహం చెల్లేది కాదు. గురువారంనాటికి ఆవు నిగనిగలాడింది, నీలవేణి నూతి దగ్గర కళ్ళు తిరిగి కూలబడింది. నీళ్ళు చల్లి "ఏటైనాదమ్మా?" అని అడిగిన ఆడవాళ్ళను ఆమె కళ్ళు మూసుకునే "కూడు తిన్నారా?" అని పలకరించింది.

ఆ మాట గురమ్మ చెవిన పడేసరికి ఆమె ఇక ఆగలేదు. గాలి సోకిందని నిర్ణయించుకుని, మర్నాడు మధ్యాహ్నానికి భూతవైద్యుడు కూర్మయ్యను పిలిపించింది. వీధి వీధంతా వాకిట్లో చేరింది.

కూర్మయ్య వేపమండలు పక్కన పెట్టి, ముందు జుట్టు పట్టుకోబోయాడు. నీలవేణి చటుక్కున ఒంగింది. "తల ముట్టుకోకు బాబూ."

"సూసినారా, తలకాడే కూకున్నాది," అన్నాడు కూర్మయ్య. "సెప్పు, ఎక్కడికెల్తావు?"

ఇంతమందిలో అబద్ధమాడటం నీలవేణికి చేతకాలేదు. "సముద్రం అవతలకి."

జనం ఒకడుగు వెనక్కి వేశారు.

"ఎప్పుడెల్తావు?"

"ఆయనొచ్చి తీసుకెల్తే ఎల్తాను."

"ఆయనెవరు? పేరు సెప్పు."

మొగుడి పేరు ఎలా చెబుతుంది. నీలవేణి తల దించుకుంది. కూర్మయ్య మండలతో ఎంత బెదిరించినా పెదవి విప్పలేదు.

"పేరు సెప్పడం లేదంటే ఇది సిన్నది కాదు," అన్నాడు కూర్మయ్య చెమట తుడుచుకుంటూ.

పెద్దమనిషి అలిసిపోయాడనిపించి నీలవేణి మర్యాదగా, "కూడు తిన్నావా బాబూ?" అంది.

"ఆకలిమీద ఉన్నాది. కోడిని తెండి," అన్నాడాయన. ఆ మధ్యాహ్నం ఆయన చెప్పినవాటిలో నిజమైనది అదొక్కటే.

జనం వెనక నిలబడ్డ దేముడమ్మ విషయం గ్రహించి ముందుకు తోసుకొచ్చింది. "దెయ్యమూ లేదు, గాలీ లేదు. అదంతా రంగంది."

ఆవిడ ఉద్దేశం మర్యాదలని. కూర్మయ్య మొహం పాలిపోయింది. "రంగం దెయ్యమా. దాని బాస నాకు రాదు. నువ్వే అడుగమ్మా."

కాదని చెప్పవలసినదే. కానీ పాతికేళ్ళలో మొదటిసారి ఒకరు తనను బర్మా మాటలు మాట్లాడమన్నారు. దేముడమ్మ చెంగు బిగించి, మిల్లు దగ్గర చేపలు బేరమాడిన మాటలన్నీ ఒక్క ఊపున అందుకుంది. ఒక్క ముక్కా అర్థం కాక నీలవేణి, పెద్దావిడ ఏదో చెబుతోంది కదా అని వినయంగా ఒంగింది. జనమంతా హమ్మయ్య అనుకున్నారు.

సరిగ్గా అప్పుడే చీపురుపల్లి స్టేషను నుంచి వచ్చిన బండి వాకిట ఆగింది. సోములు ట్రంకుపెట్టె దించి, చంకలో ట్రాన్సిస్టరుతో లోపలికొచ్చాడు. పెళ్ళాం చుట్టూ సాంబ్రాణి పొగ, వేపమండలు, కాళ్ళు కట్టిన కోడిపుంజు.

"ఏటిది?"

నలుగురూ ఒకేసారి చెప్పారు. అతను ఏమీ అర్థం కాక పెట్టెమీద కూర్చున్నాడు. చివరికి నీలవేణే ఏడుపు ఆపుకుంటూ మొదటినుంచీ చెప్పింది.

"మా తోటలో బర్మావోడు ఒక్కడూ లేడే," అన్నాడు సోములు.

"మరెవరున్నారు?"

"మనోల్లే. పాలకొండోల్లు, బొబ్బిలోల్లు, సీపురుపల్లోల్లు. ఆల్ల తాతలు ఎప్పుడో ఎల్లినారు. ఎల్లినప్పటి పద్ధతులే ఇప్పటికీ నడుపుతన్నారు. కోడలు మావ ఎదట నిలబడకూడదు. ఏ పండక్కి ఏ పాట పాడాల, ముందు ఏ పిండివంట సెయ్యాల, అన్నీ అడుగుతారు. తప్పితే 'దీనికి అత్త ఏటి నేర్పినాది' అంటారు."

అంతవరకూ మూల ముడుచుకు కూర్చున్న గురమ్మ లేచి నిలబడింది. "నన్నంటారా?"

"ముందు నిన్నే అంటారు."

"అననిస్తానేటి. నేర్పే పంపుతాను," అంది గురమ్మ. గొంతు తగ్గించి, "మావ ఎదట నిలబడకపోతే మరెక్కడ నిలబడాల?" అని కొడుకునే అడిగింది.

"నాకేటి తెలుసమ్మా. నువ్వు సెప్పాల."

గురమ్మ అసిరయ్యవైపు చూసింది. అసిరయ్య కూర్మయ్యవైపు చూశాడు. కూర్మయ్య దేముడమ్మవైపు చూశాడు.

"నేనప్పుడు రంగంలో ఉన్నాను," అంది దేముడమ్మ.

సోములు పెళ్ళాం మొహం చూసి మెల్లగా, "తిన్నావా?" అన్నాడు.

"తిన్నా..." అనబోయి నీలవేణి, "లేదు," అంది. గురమ్మ కోడలిని లోపలికి తీసుకెళ్ళి, ఎదురుగా కూర్చుని తినిపించింది. ఆ పూట కూరలో ఉప్పు సమంగా ఉంది.

మర్నాడు పొద్దున్నే గురమ్మ ఉతికిన చీర కట్టుకుని రామతీర్థం బస్సెక్కింది. ఆమె మేనత్త, తొంభై దాటిన మనిషి, అక్కడే ఉంటుంది. పాత పద్ధతులు ఎవరికైనా గుర్తుంటే ఆవిడకే ఉండాలి. దారిలో అడిగినవాళ్ళందరికీ మాత్రం రాములోరి దర్శనానికని చెప్పింది.